కార్డు బాకీ తీరట్లేదు, బ్యాంకు మారాలా?

ప్రశ్న: నాది చిన్న జీతం. క్రెడిట్ కార్డుకు నెలనెలా మినిమం డ్యూ (బిల్లులో కనీసం కట్టాల్సిన మొత్తం) కడుతూనే ఉన్నా అసలు బాకీ తగ్గడం లేదు. ఇంకో బ్యాంకు వాళ్లు తక్కువ వడ్డీకి బాకీ మార్చుకోమంటున్నారు. మారితే బయటపడతానా?

జవాబు: మీ టెన్షన్ అర్థమైంది. మినిమం డ్యూ లెక్కే అలాంటిది, కట్టినదాంట్లో చాలా భాగం వడ్డీకే పోతుంది. నెలకు 3 శాతమంటే చిన్నగా కనిపిస్తుంది గానీ, వడ్డీ మీద వడ్డీ కలిసి ఏడాదికి 42 శాతం దాటుతుంది. అందుకే ముందు ఆ కార్డు వాడకం పూర్తిగా ఆపండి. పాత బాకీ ఉండగా కొత్తగా కొన్నవాటికి కూడా సాధారణంగా కొన్న రోజు నుంచే వడ్డీ పడుతుంది, ఈ సంగతి చాలామందికి తెలియదు.

బాకీ మార్చుకోవచ్చు, కానీ ఆ తక్కువ వడ్డీ ఎన్ని నెలలు, ట్రాన్స్‌ఫర్ ఫీజు ఎంత, గడువు దాటాక రేటు ఎంత అన్నది రాతపూర్వకంగా తీసుకోండి. ఫీజు, ఆ వడ్డీ కలిపి మొత్తం బాకీని ఆ నెలలతో భాగించి చూడండి, నెలకు అంత కట్టగలిగితేనే మారండి. లేదంటే ఇప్పుడున్న బ్యాంకునే వాయిదాలుగా మార్చమని అడగండి, అదీ కట్టడం ఆగిపోకముందే.

జీతం ఖాతా కూడా మారుస్తుంటే పాతది వెంటనే మూసేయకండి. ఆటో డెబిట్‌లన్నీ (ఖాతా నుంచి వాటంతటవే కట్ అయ్యే చెల్లింపులు) కొత్తదానికి మారాయో లేదో ఒకటి రెండు నెలలు చూసుకోండి.