తెలుగు మాధ్యమం విద్యార్థికి బీటెక్: తెలుగు సెక్షనా, ఏడాది విరామమా?

ప్రశ్న: మా అబ్బాయి పదో తరగతి, ఇంటర్ ప్రభుత్వ విద్యాసంస్థల్లో తెలుగు మాధ్యమంలోనే చదివాడు. ఈఏపీసెట్‌లో మంచి ర్యాంకు వచ్చింది. ఇంగ్లిష్‌లో పాఠాలు అర్థం కావని భయంగా ఉంది. తెలుగులో బీటెక్ చేర్పించాలా, ఏడాది ఆపి స్పోకెన్ ఇంగ్లిష్ నేర్పించాలా?
– ఒక తండ్రి, ప్రకాశం జిల్లా

జవాబు: మీరు రెండు దారులను పోల్చి చెప్పమన్నారు. అయితే మీ ఉత్తరం నిండా ఉన్న దిగులు వేరు: అబ్బాయి తరగతిలో వెనకబడి, ఆ మాట ఎవరికీ చెప్పుకోలేక, చదువు మధ్యలోనే వదిలేస్తాడేమోనని. ప్రవేశాల సమయంలో ఏటా ఎందరో తల్లిదండ్రులు ఇదే అడుగుతారు. గణితం, భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రాల్లో ఆలోచించి ఆ ర్యాంకు తెచ్చుకున్న పిల్లవాడు, పాఠం చెప్పే భాష మారినంత మాత్రాన ఆ ఆలోచనను పోగొట్టుకోడు. మొదటి సెమిస్టర్ కష్టంగానే ఉంటుంది, కానీ అది దాటగలిగిన కష్టమే.

2020 జాతీయ విద్యావిధానం తరువాత, 2021-22 నుంచి సాంకేతిక విద్యను పర్యవేక్షించే జాతీయ మండలి ఏఐసీటీఈ భారతీయ భాషల్లో ఇంజినీరింగ్ బోధనకు అనుమతి ఇచ్చింది. మాతృభాషలో విషయం లోతుగా అర్థమవుతుందనే వాదనతో నాకు పేచీ లేదు; నా సందేహమంతా ఆ నాలుగేళ్ల తరువాత ఏమిటన్న దాని గురించే. మొదటి సంవత్సరం పుస్తకాలు తెలుగులో దొరుకుతాయి గానీ, పైతరగతుల్లో ఎలెక్టివ్ సబ్జెక్టులకు, సాఫ్ట్‌వేర్ మాన్యువళ్లకు, పరిశోధనా పత్రాలకు వచ్చేసరికి ఇంగ్లిష్ లేకుండా గడవదు. ఎంటెక్ ప్రవేశాలకు రాసే గేట్ పరీక్ష ఇంగ్లిష్‌లోనే ఉంటుంది. పాఠం చెప్పే అధ్యాపకులలో ఎక్కువమంది తామే ఇంగ్లిష్‌లో ఇంజినీరింగ్ చదివినవారు. అన్నిటికన్నా నన్ను కలవరపెట్టేది, తెలుగు మాధ్యమం పిల్లలను విడి సెక్షన్‌లో కూర్చోబెట్టడం. వాళ్లకు తోడ్పాటు అందరితో పాటు కూర్చున్న తరగతిలోనే అందాలి.

ఇక ఏడాది ఆపడం గురించి కఠినంగానే చెప్పక తప్పదు. ర్యాంకు తెచ్చుకున్న పిల్లవాడిని ఇంట్లో కూర్చోబెడితే, తన చదువులో ఏదో లోపం ఉందని మీరే అతనికి నూరిపోసినట్టవుతుంది. బంధువుల ముందు ‘మావాడికి ఇంగ్లిష్ రాదండీ’ అనడం కూడా ఈ రోజు నుంచే మానండి. స్పోకెన్ ఇంగ్లిష్ కోర్సుల్లో ఎక్కువగా నేర్పేది పలకరింపులు, స్వీయపరిచయాలు; మీ అబ్బాయికి కావలసినది ‘డిరైవ్’, ‘జస్టిఫై’ అని ప్రశ్నలో ఉన్నప్పుడు ఏం రాయాలో తెలియడం, వైవాలో (మౌఖిక పరీక్షలో) నాలుగు వాక్యాలు తడబడకుండా చెప్పగలగడం. అవి ఇంజినీరింగ్ చదువుతూనే వస్తాయి.

2008లో మొదలైన, ట్రిపుల్ ఐటీలని పిలిచే ఆర్జీయూకేటీలు ఇందుకు మంచి ఉదాహరణ. నూజివీడు, ఇడుపులపాయ, బాసరలలో పదో తరగతి మార్కులతో గ్రామీణ విద్యార్థులను చేర్చుకొని, ఆరేళ్ల కోర్సులో మొదటి రెండేళ్లు ప్రీ యూనివర్సిటీ చదువుకు కేటాయించారు. పిల్లలు కొత్త భాషకు అలవాటుపడేంత వ్యవధి అక్కడ చదువులోనే కలిసివస్తుంది. ఇంటర్ పూర్తయిన మీ అబ్బాయికి ఆ అవకాశం లేదు కాబట్టి, మొదటి సంవత్సరాన్నే ఆ వ్యవధిగా వాడుకోవాలి. ఏఐసీటీఈ ఈ-కుంభ్ పోర్టల్‌లో ఉచితంగా దొరికే తెలుగు పుస్తకంలో పాఠం ముందుగా చదివి, తరువాత తరగతిలో విని, అదే రాత్రి ఇంగ్లిష్‌లో చిన్న వాక్యాలతో తానే రాసుకుంటే, భాష, విషయం రెండూ కలిసి పట్టుబడతాయి. ప్రోగ్రామింగ్ గురించి బెంగ అక్కర్లేదు: సీ భాష తొలి ప్రామాణిక రూపంలో ఉన్న కీవర్డులు (ప్రత్యేక అర్థం కేటాయించిన పదాలు) 32 మాత్రమే, మిగతాదంతా అతనికి అలవాటైన తర్కం.

కాబట్టి మామూలు బీటెక్‌లోనే, ఈ ఏడాదే చేర్పించండి. కౌన్సెలింగ్‌లో కళాశాలలను ఎంచుకునే వెబ్ ఆప్షన్లు పెట్టే ముందు అబ్బాయిని వెంటబెట్టుకొని కళాశాలకు వెళ్లండి. భవనాలు, ప్లేస్‌మెంట్ బోర్డులు చూసి తిరిగి రాకుండా, తెలుగు మాధ్యమం నుంచి వచ్చిన రెండో సంవత్సరం విద్యార్థులతో అతన్నే మాట్లాడనివ్వండి. తరగతిలో సందేహం తెలుగులో అడిగితే అధ్యాపకులు జవాబు చెబుతారా, సెమిస్టర్ మధ్యలో జరిగే మొదటి మిడ్ పరీక్షలో మార్కులు తగ్గినవారికి విడిగా పాఠాలు ఉంటాయా, ఇంగ్లిష్ ల్యాబ్‌లో ప్రతి ఒక్కరికీ మాట్లాడే వంతు వస్తుందా అని అడగమనండి. ఈ మూడింటికీ అవునన్న కళాశాల ర్యాంకుల పట్టికలో కొంచెం కింద ఉన్నా, ఆప్షన్లలో దాన్నే పైన పెట్టండి.