మధ్యవర్తి తీర్పు చెబుతాడా?

సందేహం: తోతాపురి కాయ సరఫరాకు గుజ్జు ఫ్యాక్టరీతో రాసుకున్న ఒప్పందంలో ‘తగాదా వచ్చిన ఎడల మధ్యవర్తుల ద్వారా పరిష్కరించుకొనవచ్చును’ అని ఉంది. మధ్యవర్తి అంటే రాజీ కుదిర్చేవాడా, తీర్పు చెప్పేవాడా?
– ఒక పాఠకుడు, చిత్తూరు

సమాధానం: మాటవరకే చూస్తే రాజీ కుదిర్చేవాడే. మధ్యవర్తి అంటే ఇద్దరి నడుమ ఉండేవాడు. తీర్పు చెప్పే అధికారం ఆ మాటలో లేదు. కానీ రాజీ కుదిర్చే మీడియేటర్‌నూ, తీర్పు చెప్పే ఆర్బిట్రేటర్‌నూ మన పత్రికలు మధ్యవర్తి అనే రాస్తున్నాయి. దాంతో 1996 నాటి ఆర్బిట్రేషన్ చట్టమూ, 2023 నాటి మీడియేషన్ చట్టమూ రెండూ ‘మధ్యవర్తిత్వ చట్టం’ అయి కూర్చున్నాయి. ఇది చాలదన్నట్టు, పోలీసు పంచనామాలో సంతకం పెట్టే సాక్షులనూ మన రాష్ట్రంలో మధ్యవర్తులనే అంటారు. ఆ కాగితం పేరే ‘మధ్యవర్తుల నివేదిక’. వాళ్లు రాజీ చేయరు, తీర్పు చెప్పరు. చూసినదానికి సంతకం పెడతారంతే.

మీ ఊళ్లలో మాటకు ఈ తికమక లేదు. ‘పెద్దమనుషులు సర్దిచెప్పినారు’ అంటే రాజీ. ‘పంచాయితీలో తీర్పు చెప్పినారు’ అంటే తీర్పే. తేడా క్రియలో తెలుస్తుంది.

మీ ఒప్పందంలో అసలు లోపమూ క్రియదే. ‘పరిష్కరించు’కు ‘కొను’ చేరేసరికి పరిష్కరించేది మీరే అయ్యారు, మధ్యవర్తి పక్కన నిలబడ్డాడు. ఆపైన ‘వచ్చును’. అంటే ఇష్టముంటేనే. ‘మాకిష్టం లేదు’ అని ఫ్యాక్టరీ వాళ్లంటే ఈ వాక్యంతో వాళ్లను ఆర్బిట్రేషన్‌కు లాగడం కష్టం. 2007లో ఒక భాగస్వామ్య పత్రం కేసులో ‘ఇరుపక్షాలూ అలా నిర్ణయించుకుంటే’ అన్న షరతు ఉన్నందుకే సుప్రీంకోర్టు దాన్ని ఆర్బిట్రేషన్ ఒప్పందంగా లెక్కించలేదు.

తీర్పే కావాలనుకుంటే ఇలా రాయించుకోండి: ‘ఈ ఒప్పందం వల్ల తలెత్తే ఏ వివాదాన్నైనా 1996 ఆర్బిట్రేషన్ చట్టం ప్రకారం ఒక ఆర్బిట్రేటర్ తీర్పుకు అప్పగించవలెను. ఆ తీర్పుకు ఉభయులూ కట్టుబడవలెను. విచారణ స్థలం చిత్తూరు.’ తీర్పరి అన్న మంచి తెలుగు మాట ఉంది, నాకిష్టమే. అయినా పత్రంలో ఆర్బిట్రేటర్ అనే ఉండనివ్వండి. అక్కడ అందం కన్నా అనుమానం లేకపోవడం ముఖ్యం.

‘మధ్యవర్తుల’ అన్న బహువచనమూ తీసేయండి. ఎందరో చెప్పకపోతే చట్టం ఒక్కరినే లెక్కిస్తుంది. చెప్పదలిస్తే బేసి సంఖ్యే చెప్పాలి. చెరొకరిని పెట్టుకుందామని ఇద్దరితో ఆపేస్తే, వాళ్లలో వాళ్లకు పొసగనప్పుడు తేల్చేవాడుండడు.

అవార్డు అన్న మాట దగ్గరా జాగ్రత్త. లోక్ అదాలత్ ఇచ్చేదీ అవార్డే, కానీ అది ఉభయులూ ఒప్పుకున్న రాజీ. దానిమీద అప్పీలు లేదు. ఆర్బిట్రేటర్ అవార్డు మీరు ఒప్పుకోకపోయినా కట్టిపడేసే తీర్పు. దాన్ని కొట్టేయమని కోర్టును అడగడానికి 3 నెలల గడువుంది. తగిన కారణం చూపితే మరో 30 రోజులు, అంతకు మించి లేదు.

ముందు రాజీ, కుదరకపోతే తీర్పు అని రెండు మెట్లు పెట్టుకోవచ్చు. అప్పుడు రాజీకి 30 రోజులో 45 రోజులో గడువు రాయండి. లేకుంటే ఎదుటివాళ్లు ‘ఇంకా మాట్లాడుతున్నాం కదా’ అంటూ సీజన్ దాటించేస్తారు. ఇప్పటికే సంతకాలైన పత్రం గురించి దిగులొద్దు. తగాదా పుట్టాక కూడా ఉభయులూ ఒప్పుకుంటే ఈ షరతును వేరే కాగితం మీద రాసి సంతకాలు పెట్టుకోవచ్చు.