ఆ ఎఫ్‌లు ఎక్కడినుంచి వచ్చాయంటే

అమ్మలూ,

నువ్వు పంపిన స్క్రీన్‌షాట్ చూశాను. ఫైల్‌లోని బైట్లను హెక్స్‌లో (0 నుంచి 9, తర్వాత ఏ నుంచి ఎఫ్ వరకు వాడే పదహారు అంకెల లెక్కలో) చూపించే నీ సి ప్రోగ్రామ్‌తో పీఎన్‌జీ బొమ్మ ఫైల్ మొదటి బైట్ ప్రింట్ చేస్తే 89 రావాల్సిన చోట ఆరు ఎఫ్‌లు, వాటి వెనక 89 వచ్చిందని టెన్షన్ పడుతున్నావు. ఫైల్ బాగానే ఉందమ్మా, బైట్‌ని నువ్వు దాచిన డబ్బానే సరైంది కాదు. మన ల్యాప్‌టాప్‌లలో ఉత్త క్యార్ (ఒక్క బైట్ పట్టే టైప్) అంటే మైనస్ విలువలు కూడా పట్టే రకం. హెక్స్ 89 అంటే 137, అది ఆ క్యార్‌లో పడగానే మైనస్ 119 అయిపోతుంది, ప్రింట్ చేసే ఫంక్షన్ ప్రింట్‌ఎఫ్‌కి ఇచ్చేటప్పుడు సి దాన్ని 4 బైట్ల పూర్ణాంకంగా, అంటే ఇంట్‌గా సాగదీస్తుంది, మైనస్ కాబట్టి ముందున్న ఖాళీ అంతా ఎఫ్‌లతో నిండుతుంది. అన్‌సైన్డ్ క్యార్ అని మార్చు, అంతే.

ప్రింట్ చేసేటప్పుడు శాతం గుర్తుకీ ఎక్స్‌కీ మధ్య 02 పెట్టడం మర్చిపోకు. అది లేకపోతే 0డి, 0ఏ రెండూ కలిసి 'డిఏ' అని ఒక్క బైట్‌లా కనిపిస్తాయి.

ఒక్కో బైట్ చదివే ఎఫ్‌గెట్‌సి ఫంక్షన్‌తో చదువుతుంటే మాత్రం ఫలితాన్ని ఇంట్‌లోనే పెట్టుకో. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక రాత్రంతా దీనికే పోయింది. జేపెగ్ ఫైల్ తెరిస్తే ఒక్క బైట్ కూడా ప్రింట్ కాదు, ఎర్రర్ కూడా రాదు. జేపెగ్ మొదటి బైటే ఎఫ్‌ఎఫ్, నేను క్యార్‌లో పెట్టడంతో అది మైనస్ 1 అయింది, ఫైల్ అయిపోయిందని చెప్పే ఈఓఎఫ్ కూడా మైనస్ 1, ఇంకేముంది, ఫైల్ అయిపోయిందనుకుని లూప్ మొదట్లోనే ఆగిపోయింది.

విండోస్‌లో అయితే ఫైల్ తెరిచే ఎఫ్‌ఓపెన్‌లో ఉత్త 'ఆర్' (టెక్స్ట్ మోడ్) కాకుండా 'ఆర్‌బి' (బైనరీ మోడ్) ఇవ్వాలి. పీఎన్‌జీ మొదటి ఎనిమిది బైట్లు 89 50 4ఈ 47 0డి 0ఏ 1ఏ 0ఏ. టెక్స్ట్ మోడ్‌లో తెరిస్తే 0డి 0ఏ కలిసి ఒక్క 0ఏ అవుతుంది, 1ఏ దగ్గర ఫైల్ అయిపోయిందని ఆగిపోతుంది, చేతికొచ్చేవి ఐదే. ఇలాంటి మార్పు జరిగితే వెంటనే పట్టుబడాలనే పీఎన్‌జీ తయారు చేసినవాళ్లు ఆ బైట్లు కావాలని అక్కడ పెట్టారు, నాకు చాలా ఇష్టమైన ఆలోచన అది.

తర్వాత ఎఫ్‌రీడ్‌తో పదహారేసి బైట్లు చదువు. అది ఎన్ని చదివానని చెబితే అన్నే ప్రింట్ చెయ్యి, లేకపోతే చివరి వరుసలో పాత బైట్లు మళ్లీ వచ్చేస్తాయి.

సరిచూసుకోవడానికి లినక్స్‌లో హెక్స్‌డంప్ కమాండ్ ఉంది, దానికి మైనస్ పెద్ద సి తగిలించు. అది లేకుండా నడిపితే మన మెషీన్ల మీద రెండేసి బైట్లు తిరగేసి 5089 అని చూపిస్తుంది, అది చూసి నీ కోడే తప్పనుకుని మార్చేయకు.

ఈ రాత్రికి ఆ ఎనిమిది బైట్లు సరిగ్గా వచ్చాయేమో చూసి నాకు మెసేజ్ పెట్టు.

మీ పెదనాన్న