కందిపొడిలో గోధుమ ఎక్కడిది?

ప్రశ్న: ఇంట్లోనే కందిపొడి, పల్లీపొడి, సున్నుండలు చేసి అమ్ముతున్నాను. ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) రిజిస్ట్రేషన్ నంబరు కూడా వచ్చింది. మొన్న ఒకావిడ ఫోన్ చేసి 'మా బాబుకి గోధుమ పడదు, మీ కందిపొడి పెట్టొచ్చా' అంటే, కందిపొడిలో గోధుమ ఎందుకుంటుందండీ అనేశాను. అప్పట్నుంచి ఒకటే టెన్షన్. లేబుల్ మీద అసలేం రాయాలి? తెలుగులో రాస్తే చాలా?
- ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ముందు మీ వంటింట్లో ఇంగువ డబ్బా తిప్పి చూడండమ్మా. మనం కొనేది చాలావరకు అచ్చ ఇంగువ కాదు, జిగురూ పిండీ కలిపింది, ఆ పిండి చాలాసార్లు మైదానే. మీరు వేసేది చిటికెడే కావచ్చు గానీ పడనివాళ్లకి ఆ చిటికెడూ లెక్కే. డబ్బా మీద గోధుమ అనో మైదా అనో కనిపిస్తే ఆవిడకి ఇప్పుడే ఫోన్ చేసి చెప్పండి, మిగతా జవాబు తర్వాత చదవొచ్చు.

ఇక రూలు. 2020 నాటి ఎఫ్ఎస్ఎస్ఏఐ లేబులింగ్ నిబంధనల ప్రకారం వేసిన సరుకులన్నీ బరువులో ఎక్కువున్నది ముందు, తక్కువది చివర రాయాలి. అది కాక, పడనివాళ్ల కోసం 'కంటెయిన్స్' (ఇందులో ఉన్నవి) అని విడిగా ఇంకో వరస ఉండాలి: గ్లూటెన్ అనే జిగురు ప్రొటీన్ ఉన్న గోధుమ, బార్లీ లాంటి ధాన్యాలు, పాలు, గుడ్లు, చేపలు, రొయ్యలు పీతల్లాంటివి, వేరుశనగ, జీడిపప్పు బాదంలాంటివి, సోయా, కిలోకి 10 మిల్లీగ్రాములు గానీ అంతకు మించి గానీ ఉన్న సల్ఫైట్ (నిల్వ కోసం వేసే రసాయనం). వీటిలో ఏది వేసినా ఆ వరసలో చెప్పాల్సిందే. సున్నుండల్లో నెయ్యి ఉందంటే పాలున్నట్టే, మర్చిపోకండి.

పల్లీలు కొట్టిన మిక్సీ జార్‌లోనే కందిపొడి కొడుతున్నారా? అయితే 'మే కంటెయిన్' (ఉండొచ్చు) అని వేరుశనగ పేరు రాయడం మంచిది. కొందరు ఎందుకొచ్చిన గొడవని అన్ని ప్యాకెట్ల మీదా ఈ ముక్క వేసేస్తారు, నాకైతే అది బద్ధకంలా కనిపిస్తుంది, ఇంకో జార్ కొనుక్కుంటే పోయేదానికి!

తెలుగు ఒక్కటే చాలదు. ఇంగ్లిష్‌లో గానీ దేవనాగరి లిపిలో హిందీలో గానీ ఉండి తీరాలి, దానికి తోడుగా తెలుగు రాసుకోవచ్చు. తెనాలిలో చేసి తెనాలిలో అమ్మే సున్నుండకీ ఇదే రూలు, ఏం చేస్తాం.

నువ్వులు మన జాబితాలో లేవు, అమెరికా జాబితాలో మాత్రం 2023 జనవరి 1 నుంచి ఉన్నాయి. మీ ప్యాకెట్లు ఎవరి సూట్‌కేసులో అక్కడికి వెళ్తాయో తెలీదు కాబట్టి, నువ్వులు వేస్తే ఆ మాట కళ్లకి కనబడేలా రాయండి.

బియ్యప్పిండి కలిపిన ఇంగువా దొరుకుతుంది. కానీ బ్రాండ్ మార్చిన రోజే లేబులూ మారాలి, పాత స్టిక్కర్లు ఇంకో రెండొందలు మిగిలాయి కదా అని అంటించేయకండి.