నీ ప్రేక్షకురాలు కాజీపేట ప్లాట్‌ఫాం మీదనే ఉన్నది

బిడ్డా,

కాలేజీ ప్రాజెక్టుకని నువ్వు తీసి పంపిన రెండు నిమిషాల థ్రిల్లర్ సినిమా ఓపెనింగ్ మళ్ల మళ్ల జూసిన, దాంతోని పెట్టిన రైటప్ గూడ చదివిన. నీ మెయిల్ల ప్రశ్నలు శానా ఉన్నయ్, అన్నిటికి జవాబు రాసే ఓపిక ఇయ్యాల లేదు గని ఒక్క ముచ్చట మాత్రం ఇప్పుడే చెప్పకపోతె నాకు నిద్ర పట్టదు.

రైటప్ల రాసినవ్ జూడు, "మా టార్గెట్ ఆడియన్స్ 15 నుంచి 25 ఏండ్ల యూత్, మేల్ అండ్ ఫీమేల్, థ్రిల్లర్స్ ఇష్టపడేవాళ్లు" అని. ఆ లైన్ కాడ నాకు మస్తు కోపమొచ్చింది. 15 నుంచి 25 అంటె హన్మకొండ చౌరస్తాల నిలబడి అటు ఇటు జూస్తె కనవడే సగం మంది. ఇంటర్ కోచింగ్ పిల్లలు, కాకతీయ యూనివర్సిటీ హాస్టల్ల ఉండేటోళ్లు, బట్టల షాపుల పొద్దుందాక నిలబడి పనిచేసే పిలగాండ్లు, చిన్న వయసుల పెండ్లయ్యి సంకల పిల్లనేసుకోని తిరిగే ఆడివిల్ల. వీళ్లందరు ఒక్కతీరుగ భయపడ్తరా? థ్రిల్లర్ ఇష్టపడేటోళ్లు థ్రిల్లర్ జూస్తరు అని రాసుడు పరీక్ష పేపర్ నింపుడే. నీ సార్లు దానికి మార్కులేస్తరు కావొచ్చు, నేను వెయ్య.

పైంగ నీ లెక్క నీకే కుదురుతలేదు. మొదటి నిమిషంలనే గొంతు కోసే షాట్ క్లోజప్ల పెట్టినవ్, రక్తం లెన్సు మీద పడ్డది. నిజంగ ఇది థియేటర్ సినిమా అయితె సెన్సార్ వాళ్లు ఏమిస్తరో ఆలోచించినవా? 2023ల సినిమాటోగ్రాఫ్ చట్టం సవరించినంక యూఏను మూడు తీర్ల చేసిండ్రు, యూఏ 7+, యూఏ 13+, యూఏ 16+ అని. వాటికి పిల్లలు రావొచ్చు, తల్లిదండ్రులు జూస్కోవాలె. 'ఏ' పడ్డదంటె మాత్రం 18 నిండనోళ్లకు లోపలికి ఎంట్రీనే ఉండదు. అంటె నువ్వు పిలుస్తున్న 15, 16, 17 ఏండ్లోళ్లను నువ్వే గేటు కాడ ఆపినవ్, ఒక్క షాట్ కోసం. కాలేజీ ప్రాజెక్టుకు సెన్సార్ ఏంది సార్ అంటవ్, గని ఆడియన్స్ ఎవలని రాసినప్పుడు ఆ ఆడియన్స్ నీ షాట్ జూడగలదా లేదా అన్నది గూడ నువ్వే ఆలోచించాలె.

ఇగ షాట్లు. పాకాల దిక్కు చెట్లల్ల రాత్రి పూట తీసినట్టున్నవ్, పొగ పెట్టిండ్రు, నల్ల హుడీ ఏస్కున్నోడు, టార్చిలైటు, ఉరుకుతున్న అమ్మాయి, కింద పడుడు, ఎనుకకు తిరుగుడు, గుండె అదిరే బీజీఎం. మంచిగనే తీసినవ్, ఫోకస్ ఏడ పోలేదు. గని ఆ అమ్మాయి అడివిల ఎందుకున్నదో నీకు తెల్వదు. మన దగ్గర హుడీ ఏస్కోని అడివిల తిరిగేటోడు ఎవడు? చలికాలం అయితె మఫ్లర్ కడ్తడు, లేకుంటె తువ్వాల సుడ్తడు. నువ్వు నీ కండ్లతోని జూసినోన్ని తీయలే, వేరే సినిమాలల్ల జూసినోన్ని తెచ్చి నిలబెట్టినవ్.

అయితె మధ్యల ఒక షాట్ ఉన్నది. ఫ్లాష్‌బ్యాక్ అనుకుంట, కాజీపేట ప్లాట్‌ఫాం మీద ఆ అమ్మాయి బెంచి మీద కూసోని ఫోన్ జూస్తుంటది, జూసి జూసి స్క్రీన్ ఆర్పుతది, ఆర్పి ఫోన్ను జర పక్కకు వంచుతది. ఆ నల్ల అద్దంల ఆమె ఎనుక నిలబడ్డోడు కనవడ్తడు. ఆమె మొఖంల ఏం మారలే, బ్యాగు జిప్ మాత్రం ఏస్కున్నది. బిడ్డా, ఆ షాట్ నీకు ఎవలు నేర్పలే. అది నువ్వు చేసిన పని, లేకుంటె నీ దోస్తు చేసిన పని. ప్యాసింజర్ బండికి రోజు వచ్చిపోయే ప్రతి ఆడివిల్లకు ఆ పని ఎర్కే, ఎవలు ఒకలికొకలు చెప్పుకోకున్నా ఎర్కే. నీ టార్గెట్ ఆడియన్స్ గామె. ఎన్నేండ్లో అడుగకు, పందొమ్మిది ఉండొచ్చు, నలభై ఉండొచ్చు. ఆ షాట్ జూసినంక ఆమె నీ సినిమా ఇడిసి పోదు. అసోంటి షాట్‌ను ఆరు సెకండ్లు పెట్టి మళ్ల అడివిలకు ఉరికినవ్!

నేను అందరికి చెప్తుంట, కొందరు ఇసుక్కుంటరు గూడ, అయినా చెప్త: థ్రిల్లర్ ఓపెనింగ్ భయపెట్టుడు కాదు. చూసేటోనికి కండ్లు మూసుకున్నా ఎర్కుండే జాగను, ఎర్కుండే పనిని ముంగట పెట్టాలె, అండ్ల ఒక్కటి మాత్రమే తేడా చెయ్యాలె. అందరు చేసే పని ఒక్కడు చేస్తలేడు, గంతే. ఆ తేడాను చూసేటోడే పట్టుకోవాలె, నువ్వు ఏలు పెట్టి చూపియ్యొద్దు. పట్టుకున్నడంటె వాడు ఇగ కుర్చీల కెల్లి లేవడు, ఎందుకంటె ఆ కేసు ఇప్పుడు వానిది.

1931ల జర్మనీల ఫ్రిట్జ్ లాంగ్ తీసిన 'ఎమ్' సినిమా మొదలు జూడు. వాడకట్టుల పిల్లలు గుండ్రంగ నిలబడి ఆటల ఎవలు అవుటో తేల్చే పంటలేస్తుంటరు, వాళ్లు పాడేది ఊర్ల తిరుగుతున్న హంతకుని మీద పాట. పైకెల్లి ఒకామె ఆ పాట బంద్ చెయ్యుండ్రి అని కసురుతది. ఒక ఇంట్ల తల్లి బట్టలుతుక్కుంట బడి ఇడిసే టైం అయ్యిందని బిడ్డకు పళ్లెం పెడ్తది. గడియారం దిక్కు జూస్తది. మెట్ల మీద అడుగులు వినవడ్తయ్, వేరే పిల్లలయి. ఇగ రాదు. ఖాళీ పళ్లెం, గడ్డిల దొర్లుకుంట వచ్చిన బంతి, తీగలకు చిక్కిన బెలూన్. హంతకుని మొఖం చూపియ్యలే, పోస్టర్ మీద పడ్డ నీడ ఒక్కటి, ఒక ఈల. బడికెల్లి బిడ్డ లేటయిన మధ్యాహ్నం ఎట్లుంటదో తెల్వని తల్లి వరంగల్ల ఉన్నదా, బెర్లిన్ల ఉన్నదా?

హిచ్‌కాక్ 'సైకో' 1960ల వచ్చింది. అందరు స్నానాల గది మర్డర్ గురించే మాట్లాడ్తరు, అది ముప్పావు గంట దాటినంక వస్తది. మొదలు ఏమున్నది? ఊరి మీదకెల్లి కెమెరా పోతుంటది, తెర మీద ఊరు పేరు, శుక్రవారం, డిసెంబర్ 11, మధ్యాహ్నం 2 గంటల 43 నిమిషాలు అని పడ్తది. రెండున్నర అనో పావు తక్కువ మూడు అనో ఎయ్యలే, 2:43. ఎవలో గడియారం దిక్కే జూస్కుంట కూసున్నరని దాంతోనే అర్థమైతది. కిటికీ సందుల నుంచి లోపలికి పోతం, లంచ్ టైంల హోటల్ రూంకు చాటుగ వచ్చిన జంట, ఆమెకు ఆఫీసుకు లేటయితుంటది. ఆఫీసుకు లేటయ్యే భయం తెల్వని ఉద్యోగి ఎవలు? ఆయన ఏజ్ గ్రూప్‌ను పిలువలే, ఆ భయం ఉన్నోళ్లను పిలిచిండు.

ఇది నేను హైదరాబాద్ల కథా చర్చలకు తిరిగిన రోజులల్ల చెప్పి చెప్పి అలిసిపోయిన. అప్పుడు నా దగ్గర ఒక థ్రిల్లర్ ఉండె, వరంగల్ల ఉన్న ఎనుమాముల వ్యవసాయ మార్కెట్ల మొదలైతది. నువ్వు మిర్చి సీజన్ల ఆ యార్డుకు పోయినవో లేదో. గేటు కాడ్నే గొంతు పట్టుకుంటది, కండ్లల్ల నీళ్లు వస్తయ్, హమాలీలు మూతికి తువ్వాల కట్టుకోని బస్తాలు మోస్తుంటరు, అడ్తి దుకాణం కాడ కూసున్నాయన తక్‌పట్టీ (అమ్మిన సరుకు లెక్క చీటీ) రాసుకుంట గూడ దగ్గుతనే ఉంటడు. దూరం ఊర్లకెల్లి వచ్చిన రైతులు పొద్దుగాల ధర తేల్చే జెండా పాట (వేలం) దాక అక్కడ్నే బస్తాల మీద పండుకుంటరు. నా ఓపెనింగ్ గదే. రాత్రి, యార్డు, బస్తాల మీద వరుసగ పండుకున్నోళ్లు, నిద్రల గూడ ఒకలెనుక ఒకలు దగ్గుతుంటరు. వాచ్‌మన్ టార్చి ఏస్కుంట నడుస్తుంటడు. ఒక్కడు దగ్గుతలేడు. వాచ్‌మన్ రెండడుగులు ముంగటికి పోయి ఆగుతడు, ఎందుకు ఆగిండో వానికే తెల్వదు. గక్కడ టైటిల్.

ఒక ప్రొడ్యూసర్ ఆఫీసుల ఇది చదివి వినిపించిన. నలుగురు కూసున్నరు. "మార్కెట్ యార్డు ఎవరు చూస్తారండీ, పబ్‌లో మర్డర్‌తో ఓపెన్ చేద్దాం, యూత్ కనెక్ట్ అవుతారు" అన్నడు ఒకాయన. ఆ ఆఫీసుల ఆ నలుగుర్ల ఒక్కలు గూడ మిర్చి బస్తా దగ్గర నిలబడి ఎరుగరు. నేను కాయితాలు మడిచి జేబుల పెట్టుకోని వచ్చిన. అదే కథ తర్వాత ఒక వారపత్రికకు పంపితె ఆ ఎడిటర్ మొదటి పేజీ మొత్తం కొట్టేసి శవం దొరికిన కాడ్నుంచి అచ్చేసిండు, నన్ను ఒక్క మాట అడుగలే. ఆ సంచిక ఇప్పటికి ఇంట్ల పెట్టుకోలేదు నేను. ఇప్పుడు ఆ ఎడిటర్ల జాగల హుక్ అనేటోళ్లు దిగిండ్రు. మొదటి పది సెకండ్లల్ల హుక్ పడాలె, లేకుంటె వేలుతోని జరుపుతరు అంటరు. ఆ మాట పట్టుకోని పిలగాండ్లందరు మొదటి షాట్లనే మనిషిని చంపుతుండ్రు. ఆ చచ్చినోడు ఎవలో తెల్వకపోతె నాకెందుకు బాధయితది, వేలు ఇంక జల్ది కదుల్తది.

ఇగ నువ్వు చేసే పని ఇది. అడివి మొత్తం తీసెయ్యి. ప్లాట్‌ఫాం తోని మొదలువెట్టు. ఆ షాట్ మీద బీజీఎం బంద్ చెయ్యి, "దయచేసి వినండి" అని వచ్చే అనౌన్స్‌మెంట్ ఉంచు, చాయ్ అమ్మేటోని అరుపు ఉంచు, ఆ చప్పుళ్లు ఇంటె చాలు ఈడోళ్లు తమ స్టేషన్ల కూసున్నట్టే అనుకుంటరు. బండి వస్తది, జనం లేస్తరు, తోసుకుంట ఎక్కుతరు. అమ్మాయి లేవదు, ఫోన్ ఆర్పి వంచుతది. అద్దంల వాడు. బండి కదుల్తది, ప్లాట్‌ఫాం ఖాళీ అయితది. మళ్ల వంచుతది. వాడు ఎక్కలే. ఈమె గూడ ఎక్కలే కదా, ఎందుకు ఎక్కలే? నాకు తెల్వదు, నువ్వు చెప్పాలె, గని ఓపెనింగ్ల చెప్పకు. బ్యాగు జిప్ ఏసే షాట్ మాత్రం చివరికి జరుపు, ఆ చప్పుడు మీద టైటిల్ పడనియ్యి.

గొంతు కోసే షాట్ లేకపోతె టీచర్లు థ్రిల్లర్ కాదంటరేమో అని భయపడకు. కట్ చేసినంక నీ హాస్టల్ దోస్తులకు చూపియ్యకు, వాళ్లు నీ మొఖం జూసి సూపర్ అంటరు. నిన్ను ఎరుగనోళ్లకు చూపియ్యి. ఎట్లున్నది అని అడుగొద్దు. బండి కదిలే కాడ ఆపి "ఇప్పుడేమైతది?" అని అడుగు. వాళ్లు ఊహించి చెప్పుడు మొదలువెడ్తే, ఒకామె "నేనైతె లేడీస్ వెయిటింగ్ రూంకు పోతుంటి" అన్నదనుకో, ఆ మాట ఉన్నదున్నట్టు రాస్కో. రైటప్ల ఆ 15–25 లైన్ కొట్టేసి దాని జాగల ఇవే పెట్టు: ఎవలు ఏమన్నరు, ఏ షాట్ కాడ ముంగటికి వంగిండ్రు, ఏ షాట్ కాడ ఫోన్ తీసిండ్రు. నీ సార్లకు అంతకంటె పెద్ద రుజువు ఏం గావాలె.

హైదరాబాద్ పోవాల్నా అని అడిగినవ్, అది ఈ లెటర్ల తెగేది కాదు. ముందు ఇది తీయి. స్టేషన్ల తీసేటప్పుడు పర్మిషన్ అడిగే తీయి, పోయినసారి ఎట్ల తీసినవో నేను అడుగుతలేను. కొత్త కట్ వాట్సాప్ల పంపకు, నలిగిపోతది, ఆ అనౌన్స్‌మెంట్ కింద ఉండే చిన్న చిన్న చప్పుళ్లు నాకు ఇనవడయ్. డ్రైవ్ల పెట్టి లింక్ పంపు, రాత్రి హెడ్‌ఫోన్ పెట్టుకోని జూస్త.