అమ్మగారిని మంచానికి కట్టవచ్చా?

ప్రశ్న: మా అమ్మగారికి 78 ఏళ్లు; మూడేళ్లుగా డిమెన్షియా (జ్ఞాపకశక్తి, ఆలోచన క్షీణించే జబ్బు). రాత్రిళ్లు మంచం దిగి తిరుగుతూ రెండుసార్లు పడ్డారు. రాత్రిపూట చూసుకునే ఆయా, ఆమె చేతులను చున్నీతో మంచం పట్టెకు కడుతోందని ఈ మధ్యే తెలిసింది. అడిగితే, "కట్టకపోతే మళ్లీ పడిపోతారమ్మా" అంటోంది. ఇది తప్పా?
- ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: ఆయా ఉద్దేశం చెడ్డది కాకపోవచ్చు గాని, కట్టడం ఈ రాత్రి నుంచే మాన్పించండి. ఎందుకు కట్టారో అర్థం కాని మనిషి విడిపించుకోవాలని పెనుగులాడతారు. ఆ పెనుగులాటలో కట్టు మెడకో ఛాతీకో బిగుసుకుని ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి. రోజుల తరబడి కదలనివ్వకపోతే కాళ్లలో బలం తగ్గి, విప్పాక మునుపటికంటే తేలిగ్గా పడతారు. పడక పుండ్లు, మలబద్ధకం సరేసరి. మంచానికి ఎత్తయిన కమ్మీలు బిగించడమూ మంచిది కాదు, వాటిని ఎక్కి దాటబోయేవారు ఇంకా ఎత్తు నుంచి పడతారు.

అమ్మగారు ఎందుకు లేస్తున్నారో ముందు గమనించండి. మూత్రానికా, దాహానికా, మోకాళ్ల నొప్పికా, లేక చీకట్లో సొంత ఇల్లే పరాయిదిగా తోచి "మా ఇంటికి వెళ్లిపోతాను" అనా? తిరుగుడు హఠాత్తుగా పెరిగి ఉంటే, మూత్రంలో ఇన్ఫెక్షన్, ఒంట్లో సోడియం తగ్గడం, కొత్తగా మొదలుపెట్టిన మాత్ర వంటివి కారణం కావచ్చు కనుక వెంటనే వైద్యులకు చూపించండి. (నిద్రమాత్ర పెంచమని మాత్రం అడగకండి, అదీ ఒక కట్టే.) పడుకోబోయే ముందు, మళ్లీ నడిరాత్రి ఒకసారి బాత్రూమ్‌కు తీసుకెళ్లడం, దారిలో చిన్న దీపం వెలగనివ్వడం, మంచం ఎత్తు తగ్గించి పక్కన పరుపు వేయడం, పగలు కాసేపు ఎండలో నడిపించడం చాలామందికి ఉపకరిస్తాయి. ఇవన్నీ చేసినా పడే ప్రమాదం పూర్తిగా పోదు, ఆ మాట దాచను.

2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 97వ సెక్షన్ ప్రకారం, మానసిక చికిత్సాలయంలో సైతం తక్షణ హానిని ఆపడానికి మరో దారి లేనప్పుడు మాత్రమే, చికిత్స చేస్తున్న సైకియాట్రిస్టు అనుమతితో, అవసరమైనంతసేపే రోగిని కట్టి ఉంచవచ్చు. శిక్షగా గాని, సిబ్బంది చాలరన్న సాకుతో గాని కట్టరాదు. కుటుంబం నివసించే ఇల్లు ఆ సెక్షన్ కిందికి రాదు, నిజమే. కానీ ఆసుపత్రిలో వైద్యుడికే లేని స్వేచ్ఛ మన ఇంట్లో ఆయాకు ఎలా ఇస్తాం?

అలాగని ఆమెను మందలించి ఊరుకోకండి. పగలు మరోచోట పనిచేసి వచ్చి, మీ ఇంట్లో రాత్రంతా ఒక్కతే మేలుకోవలసి వస్తోందేమో కనుక్కోండి.