పాత కారుకి గుడ్డి దీపాలెందుకు?

అంబాసిడర్లు, పద్మినీలు ఇంకా రోడ్డు మీద తిప్పుతున్నవారు హెడ్‌లైట్ల గురించి పంపిన ప్రశ్నలివి. ఈ బళ్ళకుండేది ఏడంగుళాల గుండ్రటి దీపమే కాబట్టి ఒకరికి చెప్పింది చాలావరకు మిగతావారికీ పనికొస్తుంది.

ప్రశ్న: మాది 1984 అంబాసిడర్, పెట్రోలు బండి. రాత్రి ఊరు దాటితే ముందు గుంత ఉందో గేదె ఉందో తెలియడం లేదు. 100/90 వాట్ల బల్బులు వేసేస్తే సరిపోతుందని మెకానిక్ అంటున్నాడు. వెయ్యమంటారా? (తణుకు)

వద్దు. బల్బు కొనేముందు ఇప్పుడున్న బల్బుకి ఎంత కరెంటు అందుతోందో చూడండి. బల్బుకిచ్చే వోల్టేజి కొంచెం తగ్గినా వెలుతురు చాలా తగ్గిపోతుంది. 13.2 వోల్టుల దగ్గర నూరుపాళ్ళు వెలిగే బల్బు 12 వోల్టుల దగ్గర డెబ్బై పాళ్ళకు, 11 దగ్గర దాదాపు సగానికి పడిపోతుంది. నలభై ఏళ్ళ వైరింగులో రెండు వోల్టులు దారిలోనే పోవడం మామూలే.

కొలవడం తేలిక. ఇంజను స్టార్ట్ చేసి కొంచెం రేస్‌లో ఉంచండి, హై బీమ్ వెయ్యండి. మల్టీమీటరు 20 వోల్టుల డీసీ మీద పెట్టి ముందు బ్యాటరీ రెండు కొనల మధ్య కొలవండి. తర్వాత దీపం వెనక, హోల్డరు తగిలించి ఉండగానే, హై బీమ్ పిన్నుకీ ఎర్త్ పిన్నుకీ మధ్య కొలవండి. బల్బు వెలుగుతుండగానే చూడాలి. హోల్డరు పీకేసి చూస్తే లోడు ఉండదు, ఎంత కుళ్ళిన వైరైనా నిండు వోల్టేజి చూపిస్తుంది. చాలామంది మోసపోయేది ఇక్కడే.

రెండు కొలతలకీ తేడా అర వోల్టు లోపుంటే మీ వైరింగు బాగున్నట్టే. ఒక వోల్టు దాటితే దొంగ ఎటువైపున్నాడో పట్టుకోవాలి. మీటరు ఎర్ర ప్రోబు బ్యాటరీ ప్లస్‌కి, నల్లది హోల్డరు హై బీమ్ పిన్నుకి పెడితే ప్లస్ వైపు నష్టం తెలుస్తుంది. ఎర్రది హోల్డరు ఎర్త్ పిన్నుకి, నల్లది బ్యాటరీ మైనస్‌కి పెడితే ఎర్త్ వైపు నష్టం తెలుస్తుంది. ఎర్త్ వైపు 0.2 వోల్టు దాటకూడదు. దాటితే దీపం దగ్గర నల్ల వైరు బాడీకి బిగించిన స్క్రూ విప్పి చూడండి, కింద తుప్పు పొడి రాలుతుంది. రేకు మెరిసేదాకా ఎమరీ పేపరుతో గీకి, కొత్త లగ్గు (వైరు కొనకి తొడిగే లోహపు ముక్క) వేసి బిగించి, పైన పెట్రోలియం జెల్లీ రాస్తే చాలు. పెద్ద ఖర్చు లేకుండా వెలుతురు పెరిగే చోటు ఇది.

ఇక 100/90 (హై బీమ్‌కి 100 వాట్లు, లో బీమ్‌కి 90) సంగతి. రెండు బల్బులూ కలిపి హై బీమ్‌లో 17 ఆంపియర్లు దాకా లాగుతాయి. మీ బండిలో బ్యాటరీని చార్జ్ చేసేది పాత సి40 రకం డైనమోనే అయితే అది ఇవ్వగలిగేది 22 ఆంపియర్లు. ఇగ్నిషన్, టెయిల్ లైట్లు, వైపరు కలిస్తే లెక్క దాటిపోతుంది, వానలో వెళ్ళేకొద్దీ బ్యాటరీ దిగిపోతూ ఉంటుంది. ఈలోగా హోల్డరు ప్లాస్టిక్ కరుగుతుంది, రిఫ్లెక్టరు పూత మాడుతుంది. పైగా సన్న వైరులో కరెంటు పెరిగేకొద్దీ వోల్టేజి ఇంకా పడిపోతుంది. బల్బు మీద 100 అని రాసుంటుంది గానీ వెలిగేది అంత కాదు.

ప్రశ్న: రిలేలు వేయిస్తే వెలుతురు పెరుగుతుందంటారు. ఎలా వెయ్యాలి, ఏమేం కొనాలి? (కరీంనగర్)

రిలే అంటే కొద్ది కరెంటుతో పెద్ద కరెంటుని కలిపే స్విచ్. పాత బండిలో దీపాల కరెంటంతా బ్యాటరీ నుంచి డ్యాష్‌బోర్డు స్విచ్‌కి, అక్కడి నుంచి డిప్పర్‌కి (హై, లో మార్చే స్విచ్), మళ్ళీ ముందుకి తిరిగొస్తుంది. ఒక చదరపు మిల్లీమీటరు రాగి వైరు నాలుగు మీటర్లు పోతే, 10 ఆంపియర్లకు ఆ వైరులోనే 0.7 వోల్టు పోతుంది. స్విచ్‌లు, బుల్లెట్ కనెక్టర్లు తినేది దానికి అదనం. కాలితో నొక్కే డిప్పర్ ఉన్న అంబాసిడర్లలో చెప్పుల తడి, మట్టి అంతా దానిమీదే పడుతుంది కాబట్టి లోపలి కాంటాక్టులు నల్లబడి ఉంటాయి. రిలే పెడితే ఈ చుట్టుదారిలో నడిచేది రిలే కాయిల్‌ని లేపే కొద్దిపాటి కరెంటే. అసలు లోడు బ్యాటరీ నుంచి దగ్గరి దారిలో దీపానికి వెళ్తుంది.

కావలసినవి: 12 వోల్టుల, 30 ఆంపియర్ల నాలుగు పిన్నుల రిలేలు రెండు, బేసులతో సహా. 15 ఆంపియర్ల బ్లేడ్ ఫ్యూజులు రెండు, హోల్డర్లతో. బ్యాటరీ నుంచి రిలేల దాకా 4 చదరపు మిల్లీమీటర్ల వైరు, రిలేల నుంచి దీపాలకూ ఎర్త్‌కూ 2.5, కాయిల్‌కి 0.75. కొత్త సిరామిక్ హోల్డర్లు రెండు.

లూకాస్ (బ్రిటిష్ ఎలక్ట్రికల్ కంపెనీ) రంగుల పద్ధతిలో ఉన్న వైరింగైతే నీలం మీద తెల్లగీత హై బీమ్, నీలం మీద ఎర్రగీత లో బీమ్. మధ్యలో ఎవరెవరో ముట్టుకుని ఉంటారు కాబట్టి టెస్ట్ ల్యాంపు పెట్టి నిర్ధారించుకోండి. పాత హోల్డరుకొచ్చే తెల్లగీత వైరుని మొదటి రిలే 86 నంబరు పిన్నుకి, ఎర్రగీత వైరుని రెండోదాని 86కి ఇవ్వండి. రెండింటి 85లూ ఎర్త్‌కి. రెండింటి 30కీ బ్యాటరీ ప్లస్ నుంచి విడివిడి ఫ్యూజుల మీదుగా కరెంటు. 87 నుంచి కొత్త హోల్డర్ల హై, లో పిన్నులకు. ఒక్క ఫ్యూజుతో రెండు రిలేలు నడిపిస్తే అది పోయిన రాత్రి మొత్తం చీకటే. అందుకే రెండు.

ఫ్యూజులు బ్యాటరీకి జానెడు దూరంలోనే ఉండాలి. రిలేలు పిన్నులు కిందికి వచ్చేలా, రేడియేటరు వేడి, చక్రం చిమ్మే నీళ్ళు తగలని చోట బిగించండి. దీపాల ఎర్త్ వైర్లు బాడీకి కాకుండా నేరుగా బ్యాటరీ మైనస్‌కి తెస్తే చాలాకాలం చూసుకోనక్కర్లేదు. చేత్తో మెలేసి టేపు చుట్టే జాయింట్లు ఒప్పుకోకండి. లగ్గులు క్రింప్ చేయించండి (పనిముట్టుతో నొక్కి బిగించడం).

బండికి అమ్మీటరు (చార్జింగ్ కరెంటు చూపే మీటరు) ఉంటే ఒక వింత కనబడుతుంది: లైట్లు వెయ్యగానే చార్జింగ్ పెరిగినట్టు చూపిస్తుంది. లోడు బ్యాటరీ కొన నుంచి తీశారు కాబట్టి డైనమో ఇచ్చేదంతా అమ్మీటరు మీదుగా అక్కడికి పోతోంది, అంతే. కంగారు పడకండి.

ప్రశ్న: పద్మిని దీపాల్లో రిఫ్లెక్టరు మసకబారింది. బ్రాసో పెట్టి రుద్దొచ్చా? (వరంగల్)

రుద్దారా, ఉన్నదీ పోతుంది. లోపలిది అతి పల్చటి అల్యూమినియం పూత, పొడిగుడ్డ తగిలినా లేచొస్తుంది. ఊరికే దుమ్మైతే డిస్టిల్డ్ వాటరుతో కడిగి నీడన బోర్లించి ఆరబెట్టండి. నల్ల మచ్చలు, పసుపు ఛాయ ఉంటే కొత్త యూనిట్ వెయ్యడమే.

కొనేటప్పుడు రెండు చూడండి. మొదటిది బేస్. పాత 45/40 వాట్ల బల్బుకి పి45టి బేస్, ఇప్పటి హెచ్4 హాలోజెన్ బల్బుకి పి43టి. ఒకదాంట్లో ఇంకోటి ఇరికించకూడదు, ఫిలమెంటు చోటు తప్పుతుంది. అసలు రిఫ్లెక్టరు బాగుండి దాన్నే ఉంచుకోవాలంటే పి45టి బేస్‌తో వచ్చే 60/55 హాలోజెన్ బల్బులున్నాయి. 45/40 బల్బు హై బీమ్‌లో ఇచ్చేది సుమారు 860 ల్యూమెన్లు (వెలుతురు కొలమానం), 60/55 హెచ్4 ఇచ్చేది 1650. 100 వాట్ల జోలికి పోకుండానే రెట్టింపు వెలుతురన్నమాట.

రెండోది అద్దం మీది బాణం గుర్తు. దీపానికి ఎదురుగా నిలబడి చూస్తే బాణం మీ కుడివైపుకి ఉండాలి, లేదా రెండువైపులా ఉండాలి. బాణమే లేని యూరప్ రకం అద్దం కుడివైపు నడిచే దేశాలది. దాని లో బీమ్ ఎదుటివాడి కళ్ళలోకి లేస్తుంది. ఆన్‌లైన్‌లో తెప్పించే అందమైన క్లాసిక్ ల్యాంపుల్లో ఇవి ఎక్కువ.

పద్మినీలో ఫ్యూజు బాక్సు కూడా ఒకసారి చూడండి. సిరామిక్ ఫ్యూజుల కొనలు, వాటిని పట్టుకునే రేకులు పచ్చబడి ఉంటే శుభ్రం చేసి, రేకులు కొంచెం లోపలికి వంచండి.

ప్రశ్న: ఎల్ఈడీ బల్బు తగిలిస్తే ఇదంతా అవసరమా? (బెంగళూరు)

హాలోజెన్ కోసం చేసిన రిఫ్లెక్టరులో ఎల్ఈడీ బల్బు పెడితే బండికి ముందు పది గజాలు తెల్లగా మెరిసిపోతుంది. ఆ వెలుగుకి మీ కనుపాప చిన్నదై దూరం ఇంకా చీకటిగా కనిపిస్తుంది. వెలుగు ఫిలమెంటు ఉండాల్సిన చోటు నుంచి రాదు కాబట్టి లో బీమ్ పై అంచు హద్దు గీత చెదిరి ఎదుటివారికి గ్లేర్ కొడుతుంది. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కింద, బండిలో మార్పులు చేశారన్న గొడవ సరేసరి. 2021లో వచ్చిన వింటేజ్ రిజిస్ట్రేషన్ మీద కన్నుంటే అసలే వద్దు. అది 50 ఏళ్ళు దాటి, అసలు రూపం మారని బళ్ళకే. బ్యాటరీ ప్లస్ బాడీకి కలిపిన పాత బళ్ళలో ఈ బల్బులు మామూలుగా అయితే వెలగనే వెలగవు.

ప్రశ్న: సిగ్నల్ దగ్గర ఆగితే లైట్లు డల్ అవుతాయి, రేస్ ఇస్తే వెలుగుతాయి. (రాజమహేంద్రవరం)

డైనమో బండైతే అది దాని నైజం, ఐడిలింగ్‌లో చార్జింగ్ ఉండదు. ఫ్యాన్ బెల్టు మధ్యలో వేలితో నొక్కి చూడండి, అరంగుళం కంటే ఎక్కువ దిగితే బిగించండి. ఆల్టర్నేటరు ఉన్న బండిలోనూ ఇలాగే ఉంటే కార్బన్లు, రెగ్యులేటరు చూపించాలి.

ప్రశ్న: కొత్త యూనిట్లు వేశాక ఎదురొచ్చేవాళ్ళందరూ లైట్లు కొడుతున్నారు. అద్దం మధ్యలో నల్ల స్టిక్కరు వెయ్యమంటారా? (నెల్లూరు)

స్టిక్కరుతో ఉపయోగం లేదు. హెచ్4 బల్బు కొనకి నల్ల పూత ముందే ఉంటుంది. మీది ఎయిమింగ్ (దీపం గురి) తేడా.

టైర్లలో గాలి సరిచేసి, డ్రైవరు సీట్లో మనిషిని కూర్చోబెట్టి, సమతలం మీద గోడకి 10 మీటర్ల దూరంలో బండి ఆపండి. నేల నుంచి దీపం మధ్యబిందువు ఎంత ఎత్తుందో కొలిచి, గోడ మీద అంతకంటే 10 సెంటీమీటర్లు కిందికి అడ్డగీత గియ్యండి. లో బీమ్ వేసి, ఒక దీపాన్ని గుడ్డతో కప్పి, రెండోదానికి పైన ఉండే స్క్రూ తిప్పుతూ వెలుగు పై అంచుని గీతకి తీసుకురండి. పక్క స్క్రూతో, అంచు వంకర తిరిగి ఎడమకి లేచే బిందువుని ఆ దీపానికి సూటిగా నిలపండి. తర్వాత కప్పిన దీపానికీ అంతే.

ఈ బళ్ళకి వెనక ఉండేవి కమాన్ కట్టలు (లీఫ్ స్ప్రింగులు). ముగ్గురు కూర్చుని డిక్కీ నింపితే వెనక దిగి ముందు లేస్తుంది, వెలుగూ లేస్తుంది. మీ బండి ఎప్పుడూ లోడుతోనే తిరిగేదైతే ఆ లోడు పెట్టే సెట్ చేయించండి. కట్టలు చదునైపోయి ఉంటే ముందు వాటికి మళ్ళీ వంపు పట్టించి, తర్వాత దీపాల స్క్రూల మీద చెయ్యి వెయ్యండి.